కోపం వచ్చిందని కుమిలిపోకు చెల్లీ, దానికో పని చెప్పు

"ప్రార్థన చేసుకునేదానివి, నీకింత కోపమేంటమ్మా?" ఈ మాట మనలో విననివాళ్లెవరు? అత్తగారు అంటారు, ఆడపడుచు అంటుంది, మందిరంలో పక్కన కూర్చున్న పెద్దావిడ కూడా అప్పుడప్పుడూ అనేస్తుంది. ఆ ఒక్క మాటతో మన నోరు మూతపడిపోతుంది. విశ్వాసి అంటే నెమ్మదిగా ఉండాలి, ఆడపిల్లయితే ఇంకా నెమ్మదిగా ఉండాలి అని సండే స్కూల్లో చాప మీద కూర్చున్న రోజుల నుంచే మనసులో నాటుకుపోయింది కదా! అందుకే కోపం రాగానే అది ఎందుకొచ్చిందో చూసుకోం. "అయ్యో, నా భక్తిలో ఏదో లోపం ఉందేమో" అని దిగులు పడతాం. కోపం ఒక బరువు, ఈ దిగులు ఇంకో బరువు. రెండూ మోస్తూనే మళ్లీ ఆదివారం నవ్వుమొహంతో "వందనాలక్కా" అంటాం.

మింగేసిన కోపం ఎక్కడికి పోతుందనుకున్నావ్? ఎక్కడికీ పోదు. పొద్దున ఆఫీసులో మింగింది సాయంత్రం హోంవర్క్ దగ్గర పిల్లాడి వీపు మీద తేలుతుంది. మరిది అన్న మాటకి జవాబు చెప్పలేక, గ్లాసు సరిగా తోమలేదని పనమ్మాయిని గంటసేపు సాధిస్తాం. రాత్రి నిద్ర పట్టదు, తెల్లారితే తలనొప్పి. ఆరాధనలో చేతులెత్తి పాడుతూనే ఉంటాం, దవడలు మాత్రం బిగుసుకునే ఉంటాయి. ఇదా నెమ్మది? కాదు కదా. అందుకని ముందు ఒక పని చెయ్. కోపం వచ్చినందుకు నిన్ను నువ్వు తిట్టుకోవడం ఇవాళ్టితో ఆపెయ్.

కోపం రావడమే పాపమైతే, ప్రభువుకి కోపం వచ్చిందని సువార్తలు దాచకుండా ఎందుకు రాస్తాయి చెప్పు? ఎఫెసీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు, మనుషులకి కోపం వస్తుందని ఒప్పుకునే మాట్లాడాడు. ఆ కోపంలో పాపంలోకి జారిపోవద్దన్నాడు, పొద్దు గుంకాక కూడా దాన్ని పట్టుకుని కూర్చోవద్దన్నాడు. అదే అధ్యాయం చివరికొచ్చేసరికి అరుపులూ దూషణలూ వదిలేసి ఒకరి మీద ఒకరు దయగా ఉండమన్నాడు. అంటే కోపం గురించిన మాటా కరుణ గురించిన మాటా ఒకే అధ్యాయంలో పక్కపక్కన ఉన్నాయి. మనమే వాటిని విడదీసి, కోపం చెడ్డవాళ్లకీ కరుణ మంచివాళ్లకీ పంచిపెట్టాం.

ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో చూడాలంటే మార్కు సువార్త మూడో అధ్యాయం తియ్యి. నాలుగైదు వచనాలే, నెమ్మదిగా చదువు. అది విశ్రాంతి దినం. సమాజమందిరంలో చెయ్యి ఎండిపోయిన మనిషి ఒకడున్నాడు. అది కుడిచెయ్యి అని లూకా చెప్తాడు. రెక్కాడితేగానీ డొక్కాడని రోజుల్లో కుడిచెయ్యి పనిచెయ్యకపోతే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగి ఉంటుందో మనకి తెలియదా? కానీ అక్కడున్న పెద్దలకి ఆ చెయ్యి కనపడలేదు. ఇవాళ గనక యేసు ఇతన్ని బాగుచేస్తే తప్పు పట్టుకోవచ్చని కాచుకుని కూర్చున్నారు. ఆయన ఆ మనిషిని లేచి అందరి మధ్యలో నిలబడమన్నాడు. ఈ రోజున మేలు చేయడం సరైనదా, కీడు చేయడం సరైనదా అని వాళ్లని సూటిగా అడిగాడు. ఒక్కరూ పెదవి విప్పలేదు.

అప్పుడు ఆయన చుట్టూ ఉన్నవాళ్లని కోపంగా చూశాడని మార్కు రాశాడు. ఆ వెంటనే, వాళ్ల గుండెలు అంతగా బండబారినందుకు ఆయన బాధపడ్డాడని కూడా రాశాడు. ఒకే చూపులో రెండూ ఉన్నాయి. బాధపడుతున్నవాడి తరఫున కోపం, బాధపెడుతున్నవాళ్లని చూసి దుఃఖం. ఆ తర్వాత ఆయన ఏం చేశాడు? వాళ్లని శపించలేదు, బయటికి గెంటించలేదు. ఆ మనిషి వైపు తిరిగి చెయ్యి చాపమన్నాడు. చెయ్యి బాగుపడింది. నాకు ఈ కథలో దొరికిన కొలత ఇదే, నువ్వూ దాచుకో. కోపం వచ్చిపోయాక మనల్ని మనం అడుగుదాం: ఈ కోపం వల్ల ఎవరి చెయ్యైనా బాగుపడిందా?

ఎందుకంటే చెవి తెగే కోపం కూడా ఒకటుంది. గెత్సేమనే తోటలో రాత్రిపూట కత్తులూ కర్రలూ పట్టుకుని యేసుని పట్టుకోవడానికి వచ్చారు. పేతురు తట్టుకోలేకపోయాడు. కత్తి దూసి ఒకడి కుడిచెవి నరికేశాడు. పేతురు కోపానికి కారణం ప్రేమే కదా? ప్రభువు మీద ప్రేమ. అయినా ఆ కత్తి ఎవరి మీద పడిందో చూడు. కుట్ర చేసిన ప్రధాన యాజకుడి మీద కాదు, అమ్మేసిన యూదా మీద కాదు. మల్కు అనే దాసుడి మీద, యజమాని వెళ్లమంటే వచ్చిన పనివాడి మీద.

మనింట్లో జరిగేదీ ఇదే కాదూ? పైవాళ్ల మీద వచ్చిన కోపం కిందివాళ్ల మీద దిగుతుంది. భర్త మీద కోపం పిల్లల మీద, అత్తగారి మీద కోపం కోడలి మీద, ఆఫీసరు మీద కోపం ఆటో అబ్బాయి మీద. కారణం ఎంత న్యాయమైనదైనా సరే, దెబ్బ తిరిగి చెయ్యి ఎత్తలేనివాడికే తగులుతుంటే అది చెవి తెగే కోపమే. ఆ రాత్రి యేసు తనని పట్టుకోవడానికి వచ్చినవాడి చెవిని ముట్టి బాగుచేశాడని లూకా రాశాడు. సిలువకి వెళ్లేముందు సువార్తల్లో కనిపించే ఆఖరి స్వస్థత అదే. తన శిష్యుడి కోపం చేసిన గాయాన్ని సరిచెయ్యడానికి ఆయన ఆగాడు, అంత హడావిడిలో కూడా.

"మరి దేవాలయంలో బల్లలు పడదోశాడు కదా అక్కా, దాని మాటేంటి?" అని అడుగుతావు. అడగాల్సిందే. చాలామంది తమ అరుపులకి ఆ కథనే అడ్డం పెట్టుకుంటారు గనక దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. మార్కు రాసిన ప్రకారం యేసు యెరూషలేముకి వచ్చిన రోజు సాయంత్రమే దేవాలయంలోకి వెళ్లి చుట్టూ అంతా చూశాడు. పొద్దుపోయిందని బేతనియకి వెళ్లిపోయాడు. బల్లలు పడదోసింది మర్నాడు. అంటే చూసినదాని మీద ఒక రాత్రి గడిచింది. ఉన్నట్టుండి రెచ్చిపోయి చేసిన పని కాదది, చూసి, తెలుసుకుని, తిరిగొచ్చి చేసిన పని.

అక్కడ అమ్ముతున్న గువ్వల సంగతి కూడా మనం గుర్తుపెట్టుకోవాలి. ప్రసవమయ్యాక తల్లి గొర్రెపిల్లని తేవాలని ధర్మశాస్త్రం. అంత స్తోమత లేనివాళ్లు రెండు గువ్వలో పావురపు పిల్లలో తెస్తే చాలు. అంటే గువ్వలు పేదింటి కానుక. పసివాడైన యేసుని ఎత్తుకుని దేవాలయానికి వచ్చినప్పుడు మరియమ్మ తెచ్చిన కానుక కూడా అదే. అమ్మ ఏ అంగట్లో నిలబడి ఉంటుందో ఆ అంగట్లోనే పేదవాళ్ల దగ్గర లాభం గుంజుతుంటే కొడుక్కి కోపం రాదా? ఇంకొకటి చెప్తాను. ఆ గొడవంతా అయ్యాక గుడ్డివాళ్లూ కుంటివాళ్లూ దేవాలయంలోనే ఆయన దగ్గరికి వచ్చారనీ, ఆయన వాళ్లని బాగుచేశాడనీ మత్తయి రాశాడు. పిల్లలు అక్కడే కేకలేస్తూ ఆయన్ని పొగిడారట. కోపంగా ఉన్న మనిషి దగ్గరికి పిల్లలు వస్తారా? బలహీనులు వస్తారా? ఆయన కోపం ఎవరి కోసమో వాళ్లకి అర్థమైంది గనకే భయపడలేదు. మనకి కోపం వచ్చినప్పుడు ఇంట్లో చిన్నవాళ్లు దగ్గరికి వస్తున్నారా, మంచం కింద దూరుతున్నారా? గమనించుకుందాం.

సరే, ఇప్పుడు చేతికందే పనిలోకి వద్దాం. కోపం వచ్చిన ఆ నిమిషంలో అధ్యాయాలూ వచనాలూ గుర్తుకు రావు, నాకు తెలుసు. అందుకే మూడు ప్రశ్నలు పెట్టుకుందాం. మొదటిది, ఈ కోపం ఎవరి కోసం? నన్ను చిన్నబుచ్చారనా, ఎవరికో అన్యాయం జరిగిందనా? సమరయుల ఊరివాళ్లు యేసుకి బస ఇవ్వలేదని యాకోబు, యోహాను ఆకాశం నుంచి అగ్ని రప్పించి ఊరిని కాల్చేద్దామన్నారు. ప్రభువు పరువు కోసం అన్నట్టే ఉంది కదా మాట? ఆయన వెనక్కి తిరిగి వాళ్లనే గద్దించాడు. ఇద్దరూ ఆయన చేత ఉరుము కొడుకులని పేరు పెట్టించుకున్నవాళ్లే! దేవుడి పేరు మీద వచ్చే కోపంలో మన అహం ఎంత కలిసిందో చూసుకోకపోతే ఊళ్లు తగలబడతాయి.

రెండోది, ఈ కోపంలో బాధ కూడా ఉందా? అవతలి మనిషి పాడైపోతున్నాడే అన్న దిగులు ఇసుమంతైనా ఉంటే అది బతికున్న కోపం. వాళ్లు నాశనమైతే చాలు అనిపిస్తుంటే కాస్త ఆగుదాం, మందు మనకి కూడా కావాలి. మూడోది, దీని తర్వాత నేను చేయాల్సిన పని ఏంటి? పని ఏదీ తోచకపోతే ఆ కోపాన్ని అప్పుడే మాటల్లోకి రానివ్వకు. అంతేగానీ, నీకు జరిగిన అన్యాయానికి నీకు కోపం రాకూడదని నేను అనడం లేదు సుమా. నువ్వు కూడా దేవుడు చేసిన మనిషివే. నీ చెయ్యి ఎండిపోయినా ఆయనకి అదే కోపం, అదే బాధ.

పని ఎలా చేయాలో నెహెమ్యాని చూసి నేర్చుకోవచ్చు. యెరూషలేము గోడ కడుతున్న రోజుల్లో జనం, వాళ్ల భార్యలు పెద్దగా మొరపెట్టారు. కరువు వచ్చి పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టేశారు. రాజుకి పన్ను కట్టడానికి అప్పు చేశారు. ఆఖరికి కొడుకుల్నీ కూతుళ్లనీ దాస్యానికి అప్పజెప్పాల్సి వచ్చింది. అప్పిచ్చి వడ్డీ లాగుతున్నది ఎవరో పరాయివాళ్లు కాదు, సొంతవాళ్లే. నెహెమ్యాకి చాలా కోపం వచ్చింది. వచ్చాక మొదట తనలో తాను ఆలోచించుకున్నాడట. తర్వాత నేరుగా ఆ పెద్దమనుషుల్నే నిలదీశాడు. పొలాలూ ఇళ్లూ ఆ రోజే తిరిగిచ్చెయ్యమన్నాడు. నూటికి ఒకటి చొప్పున తీసుకున్న వడ్డీ కూడా వదిలెయ్యమన్నాడు. మన లెక్కలో నూటికి రూపాయి! ఇవాళ మూడూ ఐదూ లాగుతున్నవాళ్లని చూస్తే ఏమనేవాడో. నోటిమాటగా వదలకుండా యాజకుల ముందు వాళ్ల చేత ప్రమాణం చేయించాడు. తానేమో అధికారికి రావాల్సిన భోజన భత్యాన్ని పన్నెండేళ్లు ముట్టుకోలేదు.

ఇది మన మందిరంలో ఎలా ఉంటుందో ఊహించుకుందాం. కమిటీవాళ్లు కొత్త సౌండ్ సిస్టమ్ కొన్నారు. మందిరం ఊడ్చి, చాపలు పరిచి, ప్రభువు బల్ల గిన్నెలు కడిగే అక్కకి మాత్రం రెండు నెలలుగా జీతం అందలేదు. ఆమె స్పీకర్ల మీద దుమ్ము తుడుస్తుంటే నీకు ఒళ్లు మండింది. చెవి తెగే కోపమైతే ఏం చేస్తుంది? రాత్రి పదకొండింటికి సంఘం వాట్సాప్ గ్రూపులో నాలుగు ముక్కలు దంచి పెడుతుంది. తెల్లారేసరికి రెండు వర్గాలవుతాయి, అక్క పని ఊడిపోతుంది. చెయ్యి బాగుచేసే కోపం ముందు ఆ అక్కనే అడుగుతుంది, "నీ తరఫున మాట్లాడమంటావా అక్కా?" అని. ఆమె ఊ అంటే మర్నాడు తోడుగా ఇంకొకావిడని తీసుకుని కోశాధికారి దగ్గరికి వెళ్తుంది. మూడే మాటలు చెప్తుంది: ఏం జరిగింది, ఎవరికి కష్టమైంది, ఎప్పటిలోగా ఏం చెయ్యాలి. "రెండు నెలల జీతం ఆగిందండీ. ఆమె పిల్ల ఫీజు కట్టాలి. శనివారం లోపు ఇచ్చేయాలి, ఇక నుంచి ఒకటో తారీఖుకే ఇస్తామని మినిట్స్‌లో రాయాలి." గొంతు పెంచక్కర్లేదు, తగ్గించనూ అక్కర్లేదు. అలా వెళ్లేముందు మనింట్లో పనిచేసే అమ్మాయి జీతం బాకీ లేకుండా చూసుకోవాలి, అది కూడా నెహెమ్యా దగ్గర నేర్చుకున్న పాఠమే.

మందిరం మాట వచ్చింది కాబట్టి ఇంకో కోపం గురించి కూడా చెప్పుకోవాలి. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె విరుస్తాం, పిల్లల పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి కులం అడుగుతాం. దానికి మనకి కోపం రావాలి చెల్లీ, రాకపోతేనే అనుమానపడాలి. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా గారు ఈ అవమానాన్ని చిన్నతనం నుంచీ అనుభవించారు. ఆ కోపాన్ని ఆయన ఏం చేశారు? గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి తన గోడుని గబ్బిలంతో కాశీలో ఉన్న శివుడికి పంపుకునేలా 'గబ్బిలం' కావ్యం రాశారు. అందులో మంట ఎంత ఉందో ఆకలిగొన్నవాడి మీద జాలీ అంత ఉంది. ఆ కలంతోనే 'క్రీస్తు చరిత్ర' రాశారు, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మనం కావ్యాలు రాయలేకపోవచ్చు. మన కొడుకు సంబంధాల కాగితంలో కులం గడి ఖాళీగా వదిలేయగలం కదా?

కోపాన్ని పనిగా మలచిన ఆడవాళ్లు లేరా అంటే, పండిత రమాబాయి ఉంది. 1858లో పుట్టింది. కరువులో అమ్మానాన్నల్ని పోగొట్టుకుంది, పెళ్లయిన రెండేళ్లలోపే భర్త పోయి చంటిబిడ్డతో మిగిలింది. చిన్నవయసులో భర్త పోయిన ఆడపిల్లల్ని ఈ దేశం చూసే తీరు ఆమెని కుదిపేసింది. ఆ కోపంతో 1887లో పుస్తకం రాసి లోకానికి చెప్పింది. అక్కడితో ఊరుకుంటే సగమే అయ్యేది. 1889లో బొంబాయిలో శారదా సదన్ తెరిచి వాళ్లకి చదువు చెప్పింది. తర్వాత పుణె దగ్గర కేడ్గావ్‌లో ముక్తి మిషన్ పెట్టి, కరువులో దిక్కులేకుండా పోయిన ఆడపిల్లల్ని తీసుకొచ్చి అన్నం పెట్టి, చేతిపని నేర్పింది. ఆమెకి ఎంత కోపముందో తెలియాలంటే ఆ పుస్తకం చూడాలి, ఆ కోపం ఎలాంటిదో తెలియాలంటే ఆ పిల్లల పళ్లేలు చూడాలి.

ఇక మనలో చాలామంది గుండెల్లో పెట్టుకుని బయటికి చెప్పలేని విషయానికి వద్దాం. ఇంట్లో చెయ్యి చేసుకునే భర్త ఉంటే? తాగొచ్చి బూతులు తిడుతుంటే? "సహించు, ప్రార్థన చెయ్యి, నీ మౌనంతో మార్చుకో" అంటారు. అనేవాళ్లకి నీ మీద ప్రేమే ఉండొచ్చు. కానీ దెబ్బలు తినడం కరుణ కాదు చెల్లీ. నిన్ను కొట్టడం వల్ల అతను కూడా రోజురోజుకీ పాడైపోతున్నాడు, దాన్ని ఆపడమే అతని మీద కూడా కరుణ. మొదటి సమూయేలు 25లో అబీగయీలుని చూడు. భర్త నాబాలు మొరటువాడు. దావీదు మనుషుల్ని అవమానించి పంపేస్తే, దావీదు నాలుగు వందల మందితో కత్తులు కట్టుకుని బయల్దేరాడు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. రెండు వందల రొట్టెలు, వండిన ఐదు గొర్రెలు, వేయించిన ధాన్యం, ఎండుద్రాక్ష గుత్తులు నూరు, అత్తిపండ్ల అడలు రెండు వందలు గాడిదల మీద వేయించి తనే ఎదురెళ్లింది. భర్తకి చెప్పలేదు! ప్రాణాలు కాపాడే పనికి అతని అనుమతి కోసం ఆగలేదు. దావీదు ముందు నాబాలు చేసింది తప్పు కాదని వెనకేసుకు రాలేదు. తిరిగొచ్చేసరికి అతను తప్పతాగి ఉన్నాడు, అందుకని అప్పుడేం మాట్లాడకుండా తెల్లారి మత్తు దిగాక చెప్పింది. ధైర్యం, తెలివి, సమయం తెలిసిన నోరు, మూడూ ఆమె దగ్గరున్నాయి.

కాబట్టి నీకూ పిల్లలకీ ప్రమాదం ఉంటే ముందు అక్కణ్నుంచి బయటపడు, క్షమించే సంగతి తర్వాత చూద్దాం. 181 మహిళల హెల్ప్‌లైన్, ప్రాణం మీదికొస్తే 112, పిల్లల కోసం 1098. ఈ మూడు నంబర్లూ ఫోన్‌లో వేరే పేర్లతో పెట్టుకో. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ అధికారికి ఫిర్యాదు చెయ్యొచ్చు, ఉన్న ఇంట్లోనే ఉండే హక్కు అడగొచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ఒక కవర్లో పెట్టి నమ్మకమైన మనిషి దగ్గర ఉంచు. పాస్టరమ్మగారికి చెప్పుకో, మంచిదే. ఆమె నిన్ను ఇంటికి తిప్పి పంపాలని చూస్తే ఇంకొకరికి చెప్పు, ఆగిపోకు.

"మరి క్షమించొద్దా?" క్షమించడం అంటే జరిగింది జరగలేదనడం కాదు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, కుష్ఠురోగులకి సేవ చేస్తున్న గ్రాహం స్టెయిన్స్‌నీ, ఆయన ఇద్దరు చిన్నకొడుకులు ఫిలిప్, తిమోతినీ జీపులో నిద్రపోతుండగా తగలబెట్టి చంపేశారు. భార్య గ్లాడిస్ ఆ చేసినవాళ్లని క్షమించానని చెప్పింది. కూతురితో పాటు బారిపదలోనే ఉండి కుష్ఠురోగుల సేవ కొనసాగించింది. 2005లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆమె క్షమించింది కదా అని కేసు మూసెయ్యలేదు. కోర్టులు తమ పని తాము చేశాయి, ప్రధాన నిందితుడికి జీవితఖైదు పడింది. పగని ఆమె దేవుడికి వదిలింది, న్యాయాన్ని న్యాయస్థానం చూసుకుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఆమె కథని తీసుకెళ్లి గాయం పచ్చిగా ఉన్న ఇంకో ఇల్లాలి ముందు పెట్టి "నువ్వూ అలా క్షమించు" అనొద్దు. అది ఆమె మనసులోంచి రావాలి, మన నోట్లోంచి కాదు. మనం చేయగలిగింది ఆమె ఇంటికి క్యారేజీ తీసుకెళ్లడం, పక్కన కూర్చోవడం.

రాత్రిళ్లు ఇంకా కోపం రగులుతుంటే ఏం చెయ్యాలి? పొద్దు గుంకేలోపు వదిలెయ్యమన్నారు కదా అని లైటార్పేలోపు రాజీ పడి తీరాలని కాదు. కొన్ని గొడవలు ఒక్కరోజులో తెగవు. దానికి రాత్రంతా మేత వెయ్యొద్దని అర్థం చేసుకుందాం. ఫోన్ ఇంకో గదిలో పెట్టు. డాబా మీదికెళ్లి, వంటింట్లో తలుపేసుకుని, ఉన్నదున్నట్టు దేవుడితో చెప్పు. ఆయన దగ్గర మర్యాదలు అక్కర్లేదు. పదమూడో కీర్తన మొదట్లోనే దావీదు ఇంకా ఎన్నాళ్లని నాలుగుసార్లు అడిగాడు. ఎనభై ఎనిమిదో కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, అయినా దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసెయ్యలేదు. లాజరు చనిపోయినప్పుడు నువ్వు ఇక్కడుంటే మా తమ్ముడు పోయేవాడు కాదని మార్త, మరియ ఇద్దరూ యేసు మొహం మీదే అనేశారు. ఆయన కోప్పడలేదు, ఏడ్చాడు. ఆయనకి చెప్పేశాక కాగితం మీద ఒక్క వాక్యం రాసుకో, రేపు నేను చేయాల్సింది ఇది అని. ఇక పడుకో.

మరి మన కోపం వల్లే ఎవరి చెవైనా తెగితే? అది కూడా జరుగుతుంది, మనుషులం కదా. కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని యేసు చెప్పింది దీనికే. పిల్లాడి ముందు కింద కూర్చుని, "నిన్న నీ మీద అరిచాను, అది నా తప్పు, నీది కాదు" అను. అక్కడ ఆపు. "కానీ నువ్వు కూడా..." అని మొదలెట్టకు, ఆ కానీ మొత్తం పాడుచేస్తుంది. పనమ్మాయికైనా అంతే, ఆమె ముందు ఏ మాటన్నావో ఆమె ముందే వెనక్కి తీసుకో. తప్పు ఒప్పుకున్న అమ్మని పిల్లలు చులకన చేస్తారని భయపడకు. తప్పు చేస్తే ఎలా సరిదిద్దుకోవాలో వాళ్లకి నేర్పేది ఎవరు మరి?

ఇంత విన్నావు కదా, ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్. ఈ వారం నిన్ను మండిస్తున్న ఒక్క సంగతి ఎంచుకో, పది కాదు, ఒక్కటే. అందులో ఎవరి చెయ్యి ఎండిపోయి ఉందో ఆ మనిషి పేరు రాయి. ఎవరిని అడగాలో ఆ మనిషి పేరు పక్కన రాయి, ఆ రెండో పేరు కోసం కూడా రోజూ ఒక్క నిమిషం ప్రార్థన చెయ్యి. మొదటి మనిషికి రేపు ఫోన్ చేసి, "నీకేం కావాలి?" అని అడుగు. ఒక్కదానివే వెళ్లడానికి బెరుగ్గా ఉంటే ఆదివారం నీ పక్కన కూర్చునే అక్కని పిలువు. చాలావరకు ఆమెకీ అదే కోపం ఉండి ఉంటుంది, ఎవరో ఒకరు ముందడుగు వేస్తే చాలని చూస్తూ ఉంటుంది.